అసలు రద్దు, కొసరు ముద్దు

తక్కెడ ముల్లు మధ్యకొచ్చి నిలబడగానే బేరం అయిపోయిందనుకునేవాడు ఏటిగట్టుపేటలో పుట్టినవాడు కాడు. ఆ ఊళ్ళో తూకం అయ్యాకే కథ మొదలవుతుంది. కొన్నవాళ్ళు సంచి నోరు మూయకుండా తెరిచిపట్టుకుని నిలబడతారు. అమ్మినామె చూడనట్టు పక్కకి చూస్తుంది. వీళ్ళు కదలరు. చివరికామె ఓ నిట్టూర్పు విడిచి కరివేపాకు రెబ్బ, నాలుగు పచ్చిమిరపకాయలు, మనసు బాగుంటే ఓ అల్లం ముక్క కూడా సంచిలో పడేస్తుంది. దాని పేరు కొసరు. కొసరుకి ధర ఉండదు. ధరెంతని అడిగినవాడు పెళ్ళిలో అక్షింతలు తూకం వేసి పొయ్యమన్నవాడితో సమానం.

కొసరు రాబట్టడంలో వీరవేణిది ఆరితేరిన చెయ్యి. లంక గ్రామం నుంచి వచ్చి ఏటిగట్టుపేట విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదువుతోంది. మెర్సీ అనే స్నేహితురాలితో కలిసి ఓ పెంకుటింటి వెనక గదిలో ఉండి వండుకు తింటోంది. విశ్వవిద్యాలయం ఇచ్చే పోషకాహార భృతితో బియ్యం, పప్పు, గుడ్లు వస్తాయి. ఆకూ అలమూ సంగతి బజారులో అచ్చియ్యమ్మ చూసుకుంటుంది. అంటే, చూసుకునేలా వీరవేణి చేస్తుంది.

"ఇది పిల్ల కాదే బాబూ, జలగ," అంటుంది అచ్చియ్యమ్మ కొత్తిమీర కట్ట సంచిలోకి విసురుతూ. "అరకిలో దొండకాయలకి అరకిలో కొసరట్టుకెల్తాది."

"నీ చెయ్యి సల్లగుండాలి పిన్నీ. ఆ ములక్కాడ విరిగిపోయింది కదా, దాన్నెవరు కొంటారు?"

"ఇరక్కొట్టింది నువ్వే కదే!"

ఇలా సాగిపోతున్న బతుకులో, ఆ ఏడు విశ్వవిద్యాలయానికి ఆరోగ్యం పట్టుకుంది. జ్వరం పట్టుకున్నట్టే పట్టుకుంది. 'స్వల్ప వ్యయంతో సంపూర్ణ పోషణ: సవాళ్ళు, అవకాశాలు' అని సదస్సు పెట్టారు. వేదిక మీద పెద్దలకి జీడిపప్పు, కింద పిల్లలకి మంచినీళ్ళు. విద్యార్థి సంక్షేమ డీన్ పురుషోత్తం గారు సభాధ్యక్షులు. పిల్లల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి ముందు వరసలో కూర్చున్న పాపానికి వీరవేణిని లేపారు.

పిల్ల భయపడలేదు. బాదంపప్పు జోలికి పోకుండా వేరుశనగలు నానబెట్టుకుంటామంది. కాయ మంచి కాపు మీద ఉన్నప్పుడే కొంటామంది, కాపు తగ్గితే ఆ కూర మొహం చూడమంది. రోడ్డు పక్క మునగచెట్టు ఎవరి సొత్తూ కాదంది. గుడ్డు వారం పొడవునా ఉండాలి గానీ చిరుతిండి పొట్లం ఉండక్కర్లేదంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. చప్పట్లు పడేసరికి ఉషారెక్కి, "నిజం చెప్పాలంటే సగం కొసరు మీదే బతికేస్తన్నావండి!" అనేసింది.

పిల్లలు నవ్వారు. డీన్ గారు నవ్వలేదు. జీడిపప్పు నమలడం ఆపేశారు.

"ఆ పదం మరొక్కసారి ఉచ్చరించగలవా అమ్మాయీ?"

"కొసరండి."

"దాని విలువ?"

"విలువేముంటదండి, ఊరికే వేస్తారు."

డీన్ గారు లేచి నిలబడ్డారు. "సభాసదులారా! కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం. కొసరుగా నేటివరకు ఎవ్వరూ మైసూరుపాకు ఇచ్చిన దాఖలా లేదు. కావున కొసరు అనునది స్వభావరీత్యా ఆరోగ్యకరం. దాని ధర సున్నా. ఇప్పుడు పోషకాన్ని ధరతో భాగించి చూసినట్లయితే, సున్నాతో భాగించిన ఏ సంఖ్య అయినను ఏమగును?"

గణిత ఆచార్యుడు ఆత్రంగా లేచాడు. అలా భాగించకూడదండీ అని నోటిదాకా వచ్చింది. తన పదోన్నతి కాగితం డీన్ గారి బల్ల మీద ఉన్న సంగతి అంతకన్నా ముందొచ్చింది. "అనంతమగునండి," అని కూర్చున్నాడు.

"అనంతం!" అని డీన్ గారు చేతులు చాపారు. "మన పిల్లలు అనంతాన్ని వదిలి అరకిలోల వెంట పడుతున్నారు!"

ఆ వారమే ఉత్తర్వు వెలువడింది. విద్యార్థులు ఇకమీదట కేవలం కొసరు మీదనే జీవించవలెను. కొనుగోలు చేయు సరుకు, అనగా 'అసలు', దుబారా కింద పరిగణించి రద్దు చేయడమైనది. తత్ఫలితముగా పోషకాహార భృతి అనావశ్యకము గాన నిలుపుదల చేయడమైనది. పథకం పేరు 'వీరవేణి నమూనా'.

నోటీసు బోర్డు మీద వీరవేణి తన పేరు చూసుకుంది. చుట్టూ ఉన్న పిల్లలందరూ ఆ పేరు చదివి, తర్వాత ఆమె మొహం చదివారు.

"నీ నోటికి తాళం వేసి, ఆ తాళంచెవి గోదాట్లో పారెయ్యాలే," అంది మెర్సీ. "సగం కొసరే తింటన్నావని చెప్పేవు. ఆ రెండో సగం గుడ్లని ఎందుకు చెప్పలేదే?"

"అడిగితే కదే చెప్పడానికి!"

ఆ సాయంత్రం విశ్వవిద్యాలయం మొత్తం ఖాళీ సంచులతో బజారు మీద పడింది. సంతలో ఆవులు పడ్డా అంత గలాభా ఉండదు. అచ్చియ్యమ్మ చుట్టూ పిల్లలు మూగి సంచులు తెరిచారు.

"ఏం కావాలయ్యా?"

"కొసరండి."

"అదిత్తాన్లే. ఏం కొంటారు?"

"ఏం కొనవండి. కొనకూడదు. కొసరే."

అచ్చియ్యమ్మ తక్కెడ కింద పెట్టి, గుంపులో నక్కి ఉన్న వీరవేణిని వెతికి పట్టుకుంది. "ఏవే ఈరేణీ, ఇదేం సోద్యమే! పెల్లి మాటే లేదు, సీమంతానికి గాజులెట్టమంటారేటే? ఎల్లండి ఎల్లండి, మీ యూనివర్సిటీ మా కరేపాకు మొక్కని మోడు చేసేలాగుంది!"

ఆ రోజుతో బజారులో కొసరు బంద్. పిల్లలకే కాదు, ఊరి జనానికి కూడా. అరకిలో కాకరకాయలు కొన్న పెద్దమనుషులు సంచులు తెరిచి నిలబడీ నిలబడీ, మడమలు నొప్పెట్టి, ఉత్త కాకరకాయలతో ఇళ్ళకి పోయి భార్యల చేత చీవాట్లు తిన్నారు. ఊరు ఊరంతా వీరవేణి పేరు తలుచుకుంది, తాళింపు వేసినప్పుడల్లా.

సంస్థ అన్నాక పథకం ఓడిపోదు. క్షేత్రస్థాయిలో ఇబ్బందులు ఎదురవుతాయంతే. 'అసలు లేనిదే కొసరు జనించుట లేదు' అని నివేదిక వచ్చింది. డీన్ గారు కమిటీ వేశారు. అసలు కనీసం ఎంత ఉండాలన్నది ఆ కమిటీ తేల్చాలి. వాళ్ళు కూర్చుని, టీలు తాగి, లేచి, మళ్ళీ కూర్చుని తేల్చినదేమంటే, విశ్వవిద్యాలయం మొత్తానికీ ఒక వంకాయ చాలు.

నిగనిగలాడే నల్ల వంకాయని ఒకదాన్ని తెప్పించారు. అది సంస్థ ఆస్తి గనక తొడిమ కింద తెల్ల రంగుతో 'వి.వి./వంకాయ/1' అని రాయించారు. అటెండరు దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ముందు నడుస్తాడు, వెనకాల పిల్లలు. ప్రతి కొట్టు దగ్గరా ఆగి, "సదరు వంకాయను తమ వద్ద కొన్నట్లుగా భావించి కొసరు దయచేయవలసిందని కోరడమైనది," అని కాగితం చూసి చదువుతాడు.

అచ్చియ్యమ్మ వంకాయని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నా కొట్లోదే! మొన్న పొద్దున్న అరువట్టుకెల్లి, ఇప్పుడు దీనికి బొట్టెట్టి నా మీదకే తోలేరా?" అని తీసి బుట్టలో వేసుకోబోయింది. అటెండరు పళ్ళెం అడ్డంపెట్టి ఆస్తిని కాపాడాడు.

ఎండలో తిరిగి తిరిగి వంకాయ వడిలింది. తనిఖీకి వచ్చిన ఆడిటరు దాన్ని తూచి, మొదటి బరువుతో సరిపోల్చి, 'ఆస్తి బరువు తగ్గినది. తగ్గిన బరువును ఎవరు తినిరి?' అని రాశాడు. ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి అటెండరు జీతంలో కోత పెట్టారు. అతను అలిగి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. వంకాయకి మాత్రం ఘనంగా పదవీ విరమణ సభ జరిగింది. శాలువా కప్పారు. శాలువా కింద అది కనపడక ఫోటోగ్రాఫరు వెతుక్కున్నాడు. "లోపల పురుగు ఉన్నప్పటికీ పైకి ఏనాడూ తెలియనివ్వక సేవలందించినది. ఇది మన సంస్థ ఉన్నత సంప్రదాయాలకు అనుగుణముగానే ఉన్నది," అని డీన్ గారు గద్గద స్వరంతో అన్నారు. వెనకున్న ఆచార్యులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చప్పట్లు కొట్టారు.

తర్వాత, లోపం వంకాయది కాదు, బేరం చేయడం రాని విద్యార్థులది అని తేలింది. బేరశాస్త్రం పాఠ్యాంశమైంది. ధర విని మూతి విరవడం ఒక పాఠం, అలిగి వెళ్ళిపోవడం ఒక పాఠం. రెండోదానికి ప్రయోగ పరీక్ష ఉంది. విద్యార్థి బేరం తెగక వెళ్ళిపోతున్నట్టు నడవాలి, అమ్మినామె "రా అబ్బాయ్, రా" అని వెనక్కి పిలవాలి. పిలిస్తే ఉత్తీర్ణుడు. మధ్యలో వెనక్కి తిరిగి చూస్తే సున్నా. ఏసుబాబు అనే కుర్రాడు మొదటి శ్రేణి విద్యార్థి, నియమం తప్పడు. బయల్దేరాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు. తిరిగి చూడలేదు. నడుస్తూ నడుస్తూ ఏటిగట్టు దాటాడు, వంతెన దాటాడు, అవతలి జిల్లాలో తేలాడు. అక్కడ ఎవరిదో కొట్లో కుదిరి, వచ్చేపోయేవాళ్ళకి తనే కొసరు వేస్తున్నాడట. అబద్ధమంటారా, వంతెన అక్కడే ఉంది, దాన్నే అడగండి.

నవ్వులాటలు నవ్వులాటలే గానీ కడుపులు కడుపులే. వీరవేణి గదిలో గుడ్ల బుట్ట బోర్లించి మూల పెట్టారు. పప్పు డబ్బా ఊపినా గలగలమనడం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న నూకలు కాచుకుని, మునగాకు వేసుకుని తాగుతున్నారు. ఓ పొద్దున్న మెర్సీ ప్రయోగశాల మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడింది. వీరవేణి ఆమె కనురెప్ప కిందకి లాగి చూసింది. తెల్లగా ఉంది, గుడ్డు తెల్లసొనలాగా.

"ఇదంతా నా నోటి మూలానేనే," అంది వీరవేణి.

"కాదు లేవే," అంది మెర్సీ గోడకి జారబడి. "నీ నోట్లోంచి వచ్చినప్పుడు బానే ఉంది. ఆయన చెవిలోకెళ్ళాకే పాడైంది."

ఆ మధ్యాహ్నమే వీరవేణి డీన్ గారి గదికి వెళ్ళింది. "మా భృతి మాకిప్పించండి సార్. కొసరుతో కడుపు నిండదండి. నేనాడిన మాట నేనే ఎనక్కి తీసుకుంటన్నాను."

డీన్ గారు చల్లగా నవ్వారు. "అమ్మాయీ, పథకం నీ పేరిట నడుస్తున్నది. నీవు వద్దన్నచో, వీరవేణి నమూనాను వ్యతిరేకించిన నేరానికి వీరవేణిపై చర్య తీసుకోవలసి ఉంటుంది. అది బాగుండదు. పైగా శుభవార్త విను. మన పథకాన్ని దేశమంతటా అమలు చేయు నిమిత్తం ఉన్నత పరిశీలక బృందం వచ్చుచున్నది. వారు సరేనన్నచో ప్రతి విశ్వవిద్యాలయంలోనూ భృతి నిలుపుదల చేయబడుతుంది! వారి భోజన ఏర్పాట్లు నీకే అప్పగిస్తున్నాను. ఆతిథ్యానికి ప్రత్యేక నిధి ఉన్నది. ఖర్చుకు వెనకాడవద్దు."

"ఏం పెట్టాలండి?"

"కమ్మని భోజనం. కానీ నమూనా నిబంధనల ప్రకారం, అక్షరం పొల్లుపోకుండా జరగాలి సుమా."

వీరవేణి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అచ్చరం పొల్లు పోకుండానాండి?"

"పొల్లుపోకుండా!"

గదికొచ్చి ఆ ఉత్తర్వు మళ్ళీ మళ్ళీ చదివింది. చదివి చదివి, మెర్సీ కేసి తిరిగి, "ఒసే, మనింట్లో అన్నం పెట్టేటప్పుడు కొసరి కొసరి వడ్డిస్తారు చూడూ. అదెప్పుడు వడ్డిస్తారే?" అంది.

"ఒకసారి తిన్నాక. ఇంకొంచెం ఏసుకోమంటా."

"మరి మొదటిసారి వేసేది?"

"అది అస..." అనబోయి మెర్సీ ఆగింది. తర్వాత చాలా రోజులకి మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వింది.

పరిశీలక బృందం తెల్లవారుజాము రైల్లో దిగింది. అధ్యక్షుడు భారీ మనిషి. పలహారం పెడతామంటే, విందు ఉందిగా అని వద్దన్నాడు. పొద్దుటి నుంచి పథకం గురించి ప్రసంగాలు విన్నాడు. డీన్ గారి ప్రసంగం ఒక్కటే రైలంత పొడుగుంది. మధ్యాహ్నం దాటాక అందరినీ పంక్తిలో కూర్చోబెట్టారు. బృందం, డీన్ గారు, ఆయన కమిటీ, అందరికీ అరిటాకులు వేశారు. నీళ్ళు చిలకరించారు. ఎదురుగా గుండిగల మూతలు తీశారు. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మునగాకు వేపుడు, కోడిగుడ్డు పులుసు. ఆ వాసనకి వరండాలో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

వీరవేణి అన్నం గరిటెతో అధ్యక్షుడి ఆకు ముందు వంగింది. "ఇంకొంచెం వేసుకోండి సార్."

ఆయన ఆకు కేసి చూశాడు. ఆకు పచ్చగా ఉంది. "ఇంకొంచెమేంటమ్మా? అసలు వెయ్యలేదు కదా."

"ఆయ్, అసలు వెయ్యకూడదండి. రద్దయ్యింది. కొసరు మాత్రం తమరు ఎంతంటే అంత."

"సరే, ఆ కొసరే వెయ్యి తల్లీ."

"మొదటిసారి వేస్తే అది అసలైపోద్దండి. తమరు ఒకసారి తిన్నాక వేస్తేనే కొసరు." గరిటె తీసుకుని పక్క ఆకుకి జరిగింది. "మొహమాటపడకండి సార్, ఇంకొంచెం."

ఆమె వెనకే మెర్సీ పప్పు గిన్నెతో వచ్చింది. "ఇంకొంచెం పప్పు?" ఆ వెనక ఇంకో పిల్ల, పులుసుతో. "అయ్యో, ఏం తినలేదేంటండీ, ఇంకో గుడ్డు!" పంక్తి ఈ చివర నుంచి ఆ చివరికి ఎంతో ఆప్యాయంగా కొసరి కొసరి అడుగుతున్నారు. ఒక్క మెతుకు రాలలేదు. బృందంలో ఒకాయన చిటికెన వేలితో ఆకు తుడిచి నాలిక్కి రాసుకున్నాడు.

అధ్యక్షుడి మొహం కందగడ్డలా అయింది. "పురుషోత్తం గారూ! ఈ అసలుని రద్దు చేసిందెవరు?"

"కమిటీ సిఫార్సు మేరకు, తత్సంబంధిత అధికారిగా, నేనే..."

"పునరుద్ధరించండి!"

"అందుకు విధానం ఉన్నదండి. కమిటీని సమావేశపరిచి, అజెండా ప్రతులు ముందుగా పంపి..."

"మీ కమిటీ ఎక్కడుంది?"

కమిటీ పంక్తిలోనే ఉంది. డీన్ గారు మాట పూర్తి చేయకముందే కమిటీ మొత్తం చేతులెత్తింది. గణిత ఆచార్యుడైతే రెండు చేతులూ ఎత్తాడు. ఏటిగట్టుపేట విశ్వవిద్యాలయం పుట్టాక అంత వేగంగా, అంత ఏకగ్రీవంగా సాగిన తీర్మానం అదే.

"సంతోషమండి," అంది వీరవేణి గరిటె పట్టుకుని. "ఉత్తర్వు రాసిత్తే వడ్డించేస్తానండి. భృతి కూడా అందులో ఉండాలండి, రెండూ ఒకే ఉత్తర్వులో పోయాయి కాబట్టి."

కాగితాలు డీన్ గారి గదిలో బీరువాలో ఉన్నాయి. బీరువాకి తాళం ఉంది. తాళంచెవి అటెండరు దగ్గరుంది. అటెండరు వంకాయ తరుగుకి అలిగి ఇంట్లో ఉన్నాడు. అధ్యక్షుడి గొంతులోంచి ఓ మూలుగు వచ్చింది.

"ఆకుంది కదండి," అంది వీరవేణి. "గోరుంది కదండి."

డీన్ గారు చుట్టూ చూశారు. పంక్తి పంక్తంతా ఆయన గోరు కేసి చూస్తోంది. ఎదురుగా పులుసు పొగలు కక్కుతోంది. వంగి, లేత అరిటాకు మీద బొటనవేలి గోటితో 'అసలు, భృతి, రెండూ పునరుద్ధరించడమైనది' అని గీసి, సంతకం గీసి, తేదీ కూడా గీశారు. అలవాటు కొద్దీ కింద 'నకలు: అందరికీ' అని కూడా గీశారు.

మెర్సీ ఆ ఆకుని రెండు చేతులా తీసి, ఆయనకి వేరే ఆకు వేసింది. అప్పుడు పడింది అన్నం. ఆ తర్వాత ఎవరూ పథకం ఊసెత్తలేదు. ఎత్తడానికి నోళ్ళు ఖాళీ లేవు.

మర్నాడు డీన్ గారు తేరుకున్నారు. కడుపు నిండినవాడికి విధానాలు గుర్తుకొస్తాయి. "ఆకు మీద గీసినది ఉత్తర్వు కాజాలదు. పైగా అది వడలిన పిమ్మట అక్షరములు మాయమగును," అని, వృక్షశాస్త్ర విభాగం గుమ్మానికి వేలాడదీసిన ఆకుని చూడ్డానికి స్వయంగా వెళ్ళారు. అరిటాకు మీద గీత సంగతి ఎంగిలాకులు ఎత్తినవాళ్ళకి తెలుస్తుంది గానీ ఆయనెప్పుడు ఎత్తారు గనక? ఆకు వడిలింది. గోటి గీతలు మాత్రం పసరు కమిలి, నల్లగా, తారు పోసినట్టు తేలాయి. పిల్లలు చుట్టూ మూగి బిగ్గరగా చదువుతున్నారు. సంతకం దగ్గరికొచ్చేసరికి కూడబలుక్కున్నట్టు అందరూ ఒకే రాగంలో చదివారు. డీన్ గారు తన సంతకాన్ని తనే కాసేపు మెచ్చుకోలుగా చూసి, "ఎండాకాలం దృష్ట్యా ఆకు ఉత్తర్వును అమలు చేయడమైనది," అని వెళ్ళిపోయారు.

భృతి వచ్చిన సాయంత్రం ఆ పెంకుటింటి వెనక గదిలో పప్పు ఉడికింది, తోటకూర వేగింది, గుడ్లు పులుసులో మునిగాయి. ఇద్దరూ కంచాలు పెట్టుకుని తిన్నారు. వీరవేణి కంచం ఖాళీ కావడం చూసి మెర్సీ గరిటె నిండా అన్నం తీసింది.

"ఇంకొంచెం..."

వీరవేణి గబుక్కున కంచం మీద రెండు చేతులూ బోర్లించింది. "ఆ మాటెత్తేవంటే చంపేత్తాను!"

మెర్సీ ఆమె చేతులు పక్కకి నెట్టి అన్నం వేసేసింది.

"కొసరు కాదే తల్లీ, రెండో అసలు. తిను."